రెండు కళావర్లు

సంక్రాంతికి అత్తవారింటికి వెళ్ళిన అల్లుడికి మూడు రోజులూ రెండే పనులు. తినడం, తిన్నది అరిగేదాకా పడక కుర్చీలో పడుకోవడం. పదిహేనేళ్ళుగా కాకినాడలో ఈ రెండు పనులూ ఏ లోటూ లేకుండా చేసుకొస్తున్నాను. ఈసారి భోగిమంట పూర్తిగా ఆరకముందే మామగారు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. ఆయన నన్ను నేరుగా ఏదీ అడగరు. అల్లుణ్ణి ప్రశ్నించడం మర్యాద కాదని ఆయన నమ్మకం. అందుకని పెరట్లో ఉన్న మా ఆవిడకు వినపడేలా గొంతు పెంచి, "అమ్మాయీ, మీ ఆయనకు పేకాట వచ్చా?" అన్నారు.

"రమ్మీ వచ్చు నాన్నగారూ!"

సంగీతం వచ్చా అని అడిగితే ఈల వేయడం వచ్చని చెప్పినట్టు అయిపోయింది ఆయన ముఖం.

అసలు విషయం ఏమిటంటే, వాళ్ళ బ్రిడ్జి ఆటలో నాలుగో ఆయన మనవణ్ణి ఎత్తుకోవడానికి డల్లాస్ వెళ్ళిపోయారు. మూడు కోళ్ళ మంచం మీద పడుకోలేనట్టే, ముగ్గురితో బ్రిడ్జి ఆడలేరు. మిగిలిన ముగ్గురూ పండగ పూట ఊళ్ళో ఎవరి అల్లుళ్ళు దిగారా అని ఆరా తీస్తే, తీరికగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే తేలానట.

మధ్యాహ్నం అరుగు మీద పాఠం మొదలైంది. పాఠం కూడా మా ఆవిడ మీదుగానే.

"అమ్మాయీ, ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి అని చెప్పు."

"ఏమండీ, ఆసుకు నాలుగట, రాజుకు..."

నేను వాళ్ళిద్దరికీ మధ్యలోనే కూర్చున్నాను. అయినా ప్రతి నియమమూ నాకు రెండుసార్లు వినిపించింది. రెండోసారి కొంచెం మెత్తగా, కరివేపాకు దూస్తున్న చప్పుడుతో.

పేక మొత్తానికి 40 పాయింట్లు. మన చేతిలో 12, 13 ఉంటే తప్ప ముందుగా నోరు విప్పకూడదు. ఒక్కొక్కరికి 13 ముక్కలు. ఆ మాట వినగానే నాకు సొంత ఊరు వచ్చినట్టయింది, రమ్మీలోనూ పదమూడే కదా! చేతులు వాటంతట అవే ఆరు, ఏడు, ఎనిమిది అని వరసలు కట్టేశాయి. అలవాటు కొద్దీ, "జోకరు ఏది?" అని అడిగాను.

"ఈ ఆటలో జోకరు పేకలో ఉండడని చెప్పమ్మా" అన్నారు మామగారు. "పేకలో" అన్న మాటను ఆయన కొంచెం ఒత్తి పలికారని నా అనుమానం.

రమ్మీ పరువు కాపాడటం నా వంతు అనిపించింది. 1967లో, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు తేల్చిందని గుర్తుచేశాను. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని కూడా ఆ తీర్పులో ఉందన్నాను.

"ఆ జడ్జీలు మీ ఆయన ఆట చూసి ఉండరని చెప్పమ్మా."

"ఏమండీ, ఆ జడ్జీలు..."

"వినపడింది."

తరువాత పాట. ఎన్ని పట్లు గెలుస్తామో, ఏ రంగు తురుపుగా గెలుస్తామో ముందే వేలంపాటలా పాడి ఒప్పుకోవాలి. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు, మొత్తం 13 పట్లు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఈ ఆటలో మొదటి ఆరింటినీ లెక్కలో చెప్పరు. ఒకటి అని పాడితే ఏడు గెలవాలి. రెండంటే ఎనిమిది. నాలుగంటే పది. ఉన్నది దాచి, లేనట్టు మాట్లాడటం పెళ్ళిచూపుల్లోనే అనుకున్నాను, పేకాటలోనూ ఉంది.

పాడటానికి భాష కూడా కరువే. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, తురుపు లేకుండా ఆడతామంటే నో ట్రంప్, ఆపైన పాస్, డబుల్, రీడబుల్. లెక్కపెట్టి చూసుకోండి, పదిహేను మాటలు. చేతిలో ఉన్న బతుకంతా ఎదురుగా కూర్చున్న జంట మనిషికి ఈ పదిహేను మాటల్లోనే చెప్పాలి. కనుబొమ్మ ఎగరేయకూడదు, దగ్గకూడదు, ఆలోచిస్తున్నట్టు నటించకూడదు. పదిహేనేళ్ళ సంసారంలో సగం వ్యవహారాలు కనుబొమ్మతోనే నడుపుకొచ్చినవాణ్ణి. ఎక్కడికి పోను?

మాటలు చాలవు కాబట్టి, ఉన్న మాటలకే దొంగ అర్థాలు పెట్టుకున్నారు. మామగారు ఆ రహస్యాలు విప్పే సమయానికి రాత్రి పదయింది. సరిగ్గా అప్పుడే అత్తగారు పూతరేకులు తెచ్చారు. మామగారికి షుగరు. అందుకని ఆయన వంతు కూడా నా పళ్ళెంలోకే వచ్చింది. "జంట మనిషి ఒక నో ట్రంప్ అన్నాక మనం రెండు కళావర్లు అంటే..." అని ఆయన మొదలుపెట్టడం గుర్తుంది. మిగతాది పూతరేకు విరిగే చప్పుడులో కలిసిపోయింది. పూతరేకు అంత చప్పుడు చేయదంటారా? మీ నోట్లో ఉన్నప్పుడు వినండి.

నిద్ర పట్టక ఫోనులో ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు చదివాను. ఇప్పుడు ఆడే పద్ధతిని 1925లో వాండర్‌బిల్ట్ అనే అమెరికా కోటీశ్వరుడు పనామా కాలువ మీదుగా ఓడలో పోతూ తేల్చాడట. సముద్రం మీద ఇంకేం తోస్తుంది, పాపం. నాలుగేళ్ళు తిరక్కుండానే కాన్సస్ సిటీలో ఒకావిడ, నాలుగు ఇస్పేట్ల ఆట భర్త పోగొట్టాడని మొదలైన గొడవలో అతణ్ణి తుపాకీతో కాల్చి చంపింది. జ్యూరీ ఆవిడను నిర్దోషి అని వదిలేసింది. ఆలుమగలు జంటగా ఆడటం క్షేమం కాదని అర్థమైంది. మామా అల్లుళ్ళ సంగతి ఎక్కడా రాయలేదు.

సంక్రాంతి సాయంత్రం, డాక్టరుగారి మేడ మీద బల్ల వేశారు. నాకు ఎదురుగా మామగారు. అటూ ఇటూ డాక్టరుగారు, రిటైరైన లెక్కల మాస్టారు. మొదటి మూడు ఆటలు నా చేతికి ఏమీ రాలేదు. "పాస్" అని హుందాగా అంటూ కూర్చున్నాను. ఆ మాట అనడం నాకు బాగా కుదిరిందని మాస్టారు మెచ్చుకున్నారు కూడా.

నాలుగో ఆటలో ముక్కలు ఎత్తి చూద్దును కదా, ఇస్పేటు రాజు, జాకీ, ఆఠీను ఆసు, డైమను రాజు, కళావర్లలో ఆసు, రాణి, పది, ఆరు! వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పదిహేడు. గొంతు సవరించుకోవడం నేరం కాబట్టి సవరించుకోకుండానే, "ఒక నో ట్రంప్" అన్నాను.

మామగారి ముఖం వెలిగింది. పెళ్ళిపీటల మీద కూడా నన్ను చూసి ఆయన అలా వెలగలేదు. డాక్టరుగారు పాస్ అన్నారు.

"రెండు కళావర్లు" అన్నారు మామగారు.

నా గుండె పొంగింది. నా దగ్గర నాలుగు మంచి కళావర్లు ఉన్నాయి, ఆయన దగ్గరా కళావర్లే ఉన్నాయన్నమాట! పదిహేనేళ్ళకు మనసులు కలిశాయి. పెద్దవారి మాట మీద మాట పెంచడం ఎందుకు? మాస్టారు పాస్ అనగానే నేనూ నిండుగా, "పాస్" అన్నాను.

మామగారు నా వైపు చూశారు. కనుబొమ్మ కదపలేదు, నియమం కదా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చెవుల మీద ఏ నియమమూ లేదనుకుంటాను. డాక్టరుగారు ఒక్క క్షణం ఆగి, దారిలో దొరికిన నోటు జేబులో వేసుకునేవాడిలా మెల్లగా "పాస్" అన్నారు.

కళావర్లు ముందుగా పలికింది మామగారు కాబట్టి ఆడవలసింది ఆయనే. నేను డమ్మీ. డమ్మీ అంటే ముక్కలన్నీ బల్ల మీద పరిచి నోరు మూసుకునేవాడు. నా కళావర్లు నాలుగూ ఒక పక్కగా, అమ్మవారి ముందు పళ్ళు పేర్చినట్టు పేర్చాను. మామగారు వాటిని చూశారు. తన చేతిని చూసుకున్నారు. మళ్ళీ వాటిని చూశారు.

రెండు కళావర్లు పాడిన ఆయన చేతిలో ఉన్నది, తరువాత తెలిసింది, కళావరు రెండు. అదొక్కటే.

ఆయన నన్ను అడిగింది నీ దగ్గర నాలుగు ఇస్పేట్లో ఆఠీన్లో ఉన్నాయా అని. నా దగ్గర నాలుగు ఇస్పేట్లున్నాయి. ఆయన దగ్గరా ఆసు, రాణితో నాలుగు. నలభైలో ఇరవై ఎనిమిది పాయింట్లు మా ఇద్దరివే. రెండు ఇస్పేట్లు అని జవాబు చెప్పి ఉంటే పది పట్లు నడుచుకుంటూ వచ్చేవి. ఇప్పుడు తురుపులు మాకు ఐదు, వాళ్ళకు ఎనిమిది.

ఎంత దిక్కుమాలిన చేయి పరిచినా జంట మనిషికి కృతజ్ఞత చెప్పడం బ్రిడ్జి మర్యాదట. మామగారు మర్యాద తప్పే మనిషి కారు.

"థాంక్సండీ, అల్లుడుగారూ" అన్నారు. పదిహేనేళ్ళలో నాతో నేరుగా ఆడిన మొదటి మాట.

ఎనిమిది రావలసిన చోట ఆరు వచ్చాయి. ఆయన ఇస్పేటు రాణిని మాస్టారు కళావరు మూడుతో కోసినప్పుడు ఆ శబ్దం నాకు తుపాకీ మోతలా వినిపించింది. కాన్సస్ సిటీ ఆవిడ మీద కొంత జాలి కూడా కలిగింది.

తిరుగు దారిలో ఆటోలో ఇద్దరం చెరో పక్క రోడ్డు చూసుకుంటూ వచ్చాం. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన గొంతు ఎత్తారు. "అమ్మాయీ! స్టేమన్ అంటే ఏమిటో మీ ఆయనను అడుగు."

"ఏమండీ, స్టేమన్ అంటే ఏమిటట?"

"డల్లాస్ వెళ్ళిన ఆయనా?" అన్నాను.

మామగారు చొక్కా గుండీలు విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. రెండు కళావర్లు పలికి జంట మనిషి రంగులు అడిగే ఆ రహస్యం పేరే స్టేమన్ అని మా ఆవిడ వడ్డిస్తూ చెప్పింది. తండ్రి ఆట చూస్తూ పెరిగిన పిల్ల. ఆ నాలుగో చోట తనను ఎందుకు కూర్చోబెట్టలేదని అడుగుదామనుకుని, అన్నం కలుపుకోవడంలో మరిచిపోయాను.

భోజనాలు అయ్యాక అత్తగారు పళ్ళెంతో వచ్చి, "రెండే రెండు అరిసెలు బాబూ" అన్నారు. ఆ ఇంట్లో రెండంటే ఎనిమిదని బ్రిడ్జి నేర్చుకోకముందే నాకు తెలుసు. తలెత్తితే ఎదురుగా మామగారు. కనుబొమ్మ ఎగరేశారు, స్పష్టంగా, నియమాలన్నీ గాలికి వదిలి.

"పాస్" అన్నాను.

"థాంక్సండీ" అని, అత్తగారు వంటింటి వైపు తిరిగేలోగా ఆయన పళ్ళెం తన ముందుకు జరుపుకున్నారు.