పెండ్లి పందిట్ల హస్కీ

ఎండాకాలం వస్తే నల్లగొండల మనుషులే నీడకు ఉరుకుతరు. అసుంటి ఊరికి మా బామ్మర్ది సైబీరియన్ హస్కీని, అంటె మంచుల బండి గుంజే జాతి కుక్కను, తోలుకొచ్చిండు. 1925ల అలాస్కాల నోమ్ అనే ఊర్లె డిఫ్తీరియా సోకితే, దరిదాపు 150 కుక్కలు వంతులేస్కొని వెయ్యి కిలోమీటర్లు మంచుల ఉరికి మందు చేరేసినయి. ఆఖరి జట్టుకు ముందట ఉరికింది బాల్టో. ఈ కథ ఇనకుంటె మావోళ్లింట్ల చాయ్ దొరకదు. కుక్కకు గూడ బాల్టో అనే పేరు. మా అత్తమ్మ మాత్రం "బాలిగా" అంటది. అట్లంటెనే పలుకుతడు.

బాలిగాడు మొరుగుడు తక్వ, ఊళ వెట్టుడు ఎక్వ. కుక్క ఊళ వెడితే కీడంటరు గద! ఎదురింటి అవ్వ రోజు పొద్దుగాల గేటు కాడ నిలవడి "అందరు మంచిగున్నరా బిడ్డా?" అని మందిని లెక్కవెట్టుకొని పోతది. బొచ్చు సంగతి చెప్పొద్దు, పప్పుల గూడ అదే. గొరిగిద్దామని మా మామ అంటె డాక్టర్ వద్దన్నడు, ఆ రెండు వరుసల బొచ్చే ఎండను ఆపుతదట. బాలిగాడు గోలెం పక్కన తడిమట్టి తవ్వుకొని అండ్లనే పండుకుంటడు.

బామ్మర్దికేమొ దీనితోని బండి గుంజియ్యాలని కోరిక. మంచు లేదు గాబట్టి సైకిల్. తెల్లారగట్ల ఛాతికి పట్టీలేసి, తాడు హ్యాండిల్‌కు గట్టి, మంచు బండోళ్ల లెక్కనే "హైక్!" అన్నడు. ఉరుకుడు ఆ జాతి రక్తంలనే ఉంది, ఆగుడే నేర్పాలె. అందుకే ఆ బండ్లకు బ్రేకు ఉంటది, మంచుల దిగ్గొట్టనీకి ఇనుప కొక్కెం ఉంటది. మావోని సైకిల్‌కు బ్రేకు రబ్బర్లే లెవ్వు.

గల్లి మలిగితె రోడ్డుకడ్డం పెండ్లి టెంటు. పెద్ద కూలర్ బుర్రుమంటున్నది. ఆ చల్లగాలి మొఖానికి తగిలిందో లేదో, బాలిగాడు కుర్చీల నడుమకెల్లి దూరి, టిఫిన్ టేబుల్ దాటి, కూలర్ ముందట నాలుగు కాళ్లు బార్లజాపి పడ్డడు. సైకిల్ కుర్చీల్ల చిక్కింది. బామ్మర్ది ఇడ్లీ గిన్నె పక్కన తేలిండు.

ఒక పెద్దమనిషి లేవట్టి, అంగికంటిన చట్నీ తుడుస్తనే అడిగిండు: "ఎవలి తరఫు బిడ్డా? పిల్లదా, పిలగానిదా?"

"కుక్క తరఫు."

"సరే, తినిపో."

బాలిగాన్ని లేపుడు ఎవ్వరితోని గాలె. ఉపాయమున్నోడొకడు పోయి కూలర్ బందు చేసిండు. సరిగ్గ జీలకర్ర బెల్లం పెట్టే టయానికి బాలిగాడు మెడ లేపి ఊళ అందుకున్నడు. ముసలోళ్లు దండాలు వెట్టవట్టిరి.

పంతులు మంత్రం ఆపి మైకుల అరిచిండు: "అయ్యా, ముందుగాల ఆ కూలర్ ఎయ్యుండ్రి!"