సంఘాలతో ఏమవుతాదిలే అనేవాళ్ళకి

"సీమకి కావాల్సింది ఫ్యాక్టరీలే గానీ పొదుపు సంఘాలు, రైతు సంఘాలు కాదు, వాటికిచ్చిన లోన్లు తిరిగి రావు, పచ్చళ్ళు అప్పడాలు తప్ప వాళ్ళేం చేయలేరు, పెనుకొండలో ఒక్క కియా ఏం చేసిందో చూడండి." అనంతపురం వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఇదే తిరుగుతాంది.

లోన్లు తిరిగి రావా? 2010 గొడవ తలకాయలో పెట్టుకుని రాసినట్టుండారు. అది చిన్న చిన్న అప్పులిచ్చే ప్రైవేట్ మైక్రోఫైనాన్స్ కంపెనీల గొడవప్పా, వారం వారం వసూలుకి ఇంటి ముందర కూర్చునేటోళ్ళది, ఆ అక్టోబర్లో ఆర్డినెన్స్ తెచ్చింది కూడా వాళ్ళ మీదనే. పొదుపు సంఘంలో ఉండేది ఆడోళ్ళు నెలనెలా వేసుకున్న సొంత డబ్బు, లోపల్లోపల అప్పు తీసుకుంటే వడ్డీ మళ్ళీ సంఘానికే చేరుతాది, ఒకామె కంతు ఎగ్గొడితే మీటింగ్‌లో మిగిలినోళ్ళందరికీ జవాబు చెప్పల్ల, ఎందుకంటే బ్యాంకు లోన్ ఇచ్చేది సంఘం మొత్తానికి, తర్వాతి లోన్ ఆపేది కూడా అందరికీ.

పచ్చళ్ళు అప్పడాలేనా? కర్నూలు పక్కన ఓర్వకల్లులో పొదుపు సంఘాలన్నీ కలిసిన మహిళల మండల సమాఖ్య బాలభారతి అని ఏకంగా బడే పెట్టింది. ఇంక చెన్నేకొత్తపల్లి చూడండి, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 1990 నుంచి పనిచేస్తాండే చోటు, అక్కడ 2008లో రైతులే మెంబర్లుగా ధరణి అని సహకార సంఘం పెట్టుకున్నారు. కొర్రలు, సామలు పండించేది ఒక కష్టమైతే పొట్టు తీసేది ఇంకో కష్టం, ఒక్క రైతు రెండు మూటలు పట్టుకుని ఏ మిల్లుకి పోతాడు, అందుకే కళ్ళంలోనే దళారి చెప్పిన రేటుకి ఇచ్చేస్తాడు. అదే సంఘం కొని, బియ్యం చేసి, ప్యాకెట్ కట్టి అమ్మితే ఆ మధ్యలో మిగిలేది మెంబర్లదే కదా.

అన్ని సంఘాలూ ఇట్లే ఉండాయని కాదు. పేరుకి పదిమంది, నడిపేది ఒక్క లీడరమ్మ, పుస్తకం ఎవురూ తెరిచి చూడరు, ఏ పార్టీ సభ పెట్టినా జనాన్ని తోలేది మాత్రం సంఘం పేరుతోనే. మెసేజ్ రాసినాయన దీన్ని గురించి తిట్టింటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

కియా సంగతి ఒప్పుకుంటా. 2019లో కార్లు రావడం మొదలైంది, పెట్టినప్పుడే ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ, ఐటీఐ, డిప్లొమా పిల్లోళ్ళకి దారి దొరికింది, చిన్న విషయమేం కాదు. అయితే యాభై ఏండ్ల శెనక్కాయ రైతుని ఏ లైన్ మీద నిలబెడతారు? ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంలేని నేల ఆయనది, దాన్ని వదిలి పోలేడు, విత్తనం ఖర్చు వడ్డీవ్యాపారి దగ్గర తేవాల్నా సంఘంలో తేవాల్నా అన్నదే ఆయనకి ప్రతి జూన్‌లో వచ్చే ప్రశ్న, దానికి కార్ల ఫ్యాక్టరీ దగ్గర జవాబు లేదు.