సర్కారు లాయరే ముద్దాయి వైపు నిలబడిన రోజు

1962లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర అటార్నీ జనరల్ (ఏజీ, అంటే రాష్ట్ర సర్కారు తరఫున నిలబడే పెద్ద లాయర్) నుంచి మిగతా రాష్ట్రాల ఏజీలందరికీ ఒక లెటర్ వెళ్లింది. జైల్లో ఉన్న ఒక ఖైదీ మా మీద సుప్రీంకోర్టుకెక్కాడు, పేద ముద్దాయిలకి సర్కారే లాయర్ని పెట్టాలంటున్నాడు, ఇది రాష్ట్రాల హక్కుల విషయం కాబట్టి మీరూ మాకు తోడు రండి అని దాని సారాంశం. మిన్నెసోటా ఏజీ వాల్టర్ మాండేల్ కుదరదన్నారు. అప్పటికి ఆయనకి 34 ఏళ్లు.

ఆ ఖైదీ పేరు క్లారెన్స్ ఎర్ల్ గిడియన్. ఫ్లోరిడాలోని పనామా సిటీలో, బిలియర్డ్స్ లాంటి ఆట ఆడుకునే ఒక పూల్ రూమ్‌లోకి దూరి చిల్లర డబ్బులు కొట్టేశాడని కేసు, నాకు లాయర్ని పెట్టండి అని జడ్జిని అడిగితే మరణశిక్ష పడే కేసుల్లో తప్ప ఇక్కడి చట్టం ఒప్పుకోదన్నారు, పెద్దగా చదువుకోని మనిషి తన కేసు తనే వాదించుకుని 5 ఏళ్ల శిక్ష తెచ్చుకున్నాడు. జైలు కాగితాల మీద పెన్సిల్‌తో రాసి పంపాడు ఆ పిటిషన్.

మాండేల్ కుదరదని చెప్పి ఊరుకోలేదు, మాకు నచ్చింది ఇదే. మసాచుసెట్స్ ఏజీ ఎడ్వర్డ్ మెకార్మాక్‌తో కలిసి మిగతా రాష్ట్రాలని గిడియన్ వైపుకి తెచ్చారు. చివరికి 22 రాష్ట్రాలు ఖైదీ తరఫున సంతకం పెట్టాయి, ఫ్లోరిడా వెంట నిలిచినవి అలబామా, నార్త్ కరోలినా రెండే. 1963 మార్చి 18న 9 మంది జడ్జిలూ ఒకే మాట మీద గిడియన్‌కి అనుకూలంగా తీర్పిచ్చారు, అందులో ఆ 22 రాష్ట్రాల మాట కూడా రాశారు.

మాండేల్ మిన్నెసోటాలోని సిలోన్ అనే చిన్న ఊళ్లో 1928లో పుట్టారు, నాన్న చర్చి పాస్టర్. 1956లో లా డిగ్రీ, 4 ఏళ్లకే గవర్నర్ ఆయన్ని ఏజీగా వేశారు, తర్వాత జనం ఓట్లతో గెలిచారు. పోలియో పేషెంట్ల పేరుతో వసూలైన చందాలు ఎటు పోయాయో తవ్వితీసింది కూడా ఆయన ఆఫీసే. ఆ తర్వాత సెనేటర్, వైస్ ప్రెసిడెంట్, జపాన్‌లో రాయబారి. 1984 ప్రెసిడెంట్ ఎన్నికల్లో రీగన్ చేతిలో 49 రాష్ట్రాలు ఓడిపోయిన మనిషిగానే చాలామందికి గుర్తు, మాకది బాధగానే ఉంటుంది.

అక్కడి ఏజీలాగే మన రాష్ట్రాల్లో సర్కారు తరఫున నిలబడే ఏజీ, అంటే అడ్వకేట్ జనరల్‌ని జనం ఎన్నుకోరు, రాజ్యాంగం 165వ అధికరణం కింద గవర్నర్ నియమిస్తారు, అసలు ఎంపిక ముఖ్యమంత్రిదే, సర్కారు మారితే ఏజీ కూడా రాజీనామా ఇచ్చి వెళ్లిపోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. పేదలకి ఉచిత న్యాయ సహాయం అనే 39ఏ అధికరణం 1976లోనే వచ్చింది. అది కాగితం మీద మిగిలిపోకూడదంటే సర్కారు తరఫున నిలబడే లాయర్ల మనసు కూడా మారాలి కదా. కింది కోర్టులో ముద్దాయికి లాయర్ లేకుండానే విచారణ నడిచిందని ఫైల్లో కనిపిస్తే ఏజీ, పబ్లిక్ ప్రాసిక్యూటర్ తామే లేచి హైకోర్టుకి ఆ మాట చెప్పాలి, శిక్ష ఎలాగైనా నిలబడితే చాలు అనుకోకూడదు. మేం అడుగుతున్నది ఇంతే.

1963 ఆగస్టులో గిడియన్‌ని అదే పనామా సిటీలో మళ్లీ విచారించారు. ఈసారి పక్కన లాయర్ ఉన్నాడు, సాక్షిని నిలదీసి అడిగాడు. జ్యూరీ నిర్దోషి అని చెప్పింది, గిడియన్ ఇంటికెళ్లాడు.