పౌలీనా నోరు తెరిస్తే మా ఇంట్లో నెట్ స్లో

నెట్‌ఫ్లిక్స్‌లో మెక్సికో వాళ్ళ సిరీస్ ఒకటుంది, లా కాసా దె లాస్ ఫ్లోరెస్ అని, 2018లో వచ్చింది. మెక్సికో సిటీలో డబ్బున్న కుటుంబం, పేరున్న పూల కొట్టు, ఇంటి పెద్దాయన ఎర్నెస్టో పుట్టినరోజు ఫంక్షన్‌కి గొప్పోళ్ళంతా వచ్చి ఉంటే సరిగ్గా అప్పుడే ఆయన చిన్నిల్లు ఆ కొట్లోనే ప్రాణం తీసుకుంటుంది, తీరా చూస్తే ఆవిడతో కలిసి ఒక కాబరే కూడా నడుపుతున్నాడు, దానికీ పెళ్ళాం కొట్టు పేరే పెట్టాడు మహానుభావుడు. "రెండు బోర్డులు ఒకేసారి రాయిస్తే రేటు తగ్గించుంటాడు" అన్నారు మా అత్తయ్య. ఆవిడ కోసం ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ నేను చదివి తెలుగులో చెప్తుంటా, కొన్ని సీన్లకి మాత్రం "ఏదో బిజినెస్ గురించి అత్తయ్యా" అని దాటేస్తా.

అసలు గొడవ పెద్దకూతురు పౌలీనాతో వచ్చింది. ఆవిడ మాట తీరే అంత, ఒక్కో అక్షరం విడదీసి, మధ్యలో ఊపిరి తీసుకుని, డిక్టేషన్ చెప్పే టీచర్‌లా. సెసిలియా స్వారెజ్ ఆ పాత్ర చేసింది, అక్కడ జనం ఆవిడలా మాట్లాడుతూ పోటీలు పడి వీడియోలు పెట్టారంటే చూసుకోండి. ఇదేమీ తెలీని మా ఆయన హాల్లోంచి వెళ్తూ ఆగి, రెండు ముక్కలు విని, "నెట్ పోయింది" అని తేల్చేశారు.

చెప్పబోయా, వింటేగా. రౌటర్ ఆపి ఆన్ చేశారు, తర్వాత టీవీ పక్కకి తెచ్చి స్టూల్ మీద పెట్టారు, వైరు చాలక అత్తయ్య కాళ్ళ మీదుగా లాగారు. తల్లి వర్జీనియా గడగడా మాట్లాడేసరికి "చూశావా, సెట్ అయింది" అని కాలరెగరేశారు, పక్క సీన్లో పౌలీనా "మా... మా..." అనగానే మళ్ళీ రౌటర్ దగ్గరికి పరుగు. చివరికి ఆ అమ్మాయి క్లోజప్‌కి డేటా ఎక్కువ లాగుతోందని ఒక థియరీ కూడా కనిపెట్టారు!

కంప్లైంట్ పెడితే సాయంత్రానికి కుర్రాడొచ్చి స్పీడ్ టెస్ట్ చేసి "ఫుల్లు వస్తోంది సార్" అన్నాడు. "మరి ఆవిడెందుకలా?" అన్నారు ఈయన. కుర్రాడు నిలబడి కాసేపు చూశాడు, తర్వాత కూర్చున్నాడు, ఆ తర్వాత కాఫీ కూడా తాగాడు.

కథ అప్పటికి మంచి రంజు మీదుంది. ఎర్నెస్టో జైల్లో, ఇంట్లో డబ్బుకి కటకట, ఆయన్ని విడిపించే లాయర్‌గా స్పెయిన్ నుంచి దిగింది పౌలీనా మాజీ మొగుడు, ఒకప్పుడు హొసే మరియా, ఇప్పుడు ఆడమనిషి, పేరు మరియా హొసే. ఇది అత్తయ్యకెలా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే ఆవిడే "ఎవరైతేనేం, విడిపోయినా కష్టానికి వచ్చింది. సొంత కొడుకున్నాడు, ఎందుకూ?" అన్నారు, చూపు మాత్రం రౌటర్ పట్టుకున్న మా ఆయన మీద.

సీజన్ 2కి వచ్చేసరికి వర్జీనియా వేసిన వెరోనికా కాస్ట్రో లేదు, ఆ పాత్ర చనిపోయిందని చెప్పేశారు, దాంతో అత్తయ్య అలిగి టీవీ కట్టించేశారు. ఈయన మాత్రం పెద్ద ప్లాన్‌కి మారారు, బిల్లు పెరిగింది, ఇప్పుడు రాత్రిళ్ళు ఒక్కరే కూర్చుని స్పీడ్ ఏమైనా పెరిగిందేమోనని పౌలీనాని చెక్ చేస్తున్నారట.