నీ బాంచెన్ దొరా, మళ్ల బోల్టు ఇరిగింది

ట్రాక్టర్ ఎనక కూసొని కొమ్మలు నమిలే చిప్పర్ దొరకు, పరకాల అవుతల గుట్టమీది మామిడితోట రైతు కాల్మొక్కి రాసుకునే అర్జీ.

దొరా, గడీలు కూలినయి, వెట్టి పోయింది అని మా తాత సంబురపడుకుంటనే కండ్లు మూసిండు. ఆయన మనవణ్ని నేను. అప్పు చేసి మరీ నిన్ను ఇంటికి తెచ్చుకున్న.

షాపుకాడ నువ్వు గిట్ల లేవు. సిమెంటు చేసిన చదును జాగ, నున్నటి జామాయిల్ కట్టె. షాపాయన ఇట్ల అందియ్యంగనే అట్ల పొట్టు చేసి ఊంచినవ్. "ఇగ కూలోళ్ల పనే లేదు" అన్నడాయన. నిజమే, కూలోళ్లు లేరు. వాళ్ల పనంత నేనే చేస్తున్న.

మొదటి రోజు నిన్ను ట్రాక్టర్ ఎనక లిఫ్టుకు తగిలించి గుట్ట ఎక్కిస్తుంటే ముందు టైర్లు గాలిల లేసినయి. బరువంత ఎనక నువ్వే కదా! మా బావ దూరంకెల్లి ఉరికొచ్చి "రివర్స్‌ల ఎక్కియ్‌రా బామ్మర్దీ" అని మొత్తుకున్నడు. అప్పటిసంది నీ ఊరేగింపు గట్లనే. ముందు నువ్వు, నీ ఎనక ట్రాక్టర్, టైర్లకింద పెట్టే రాళ్లు సంకల పెట్టుకొని పక్కపొంటి మా బావ.

ఎక్కినంక నిలవాలె కదా. ఏటవాలుకు అడ్డం పెడితే ట్రాక్టర్ పక్కకు పొర్లుతదని భయం. లిఫ్టుతోటి నిన్ను జరంత ఎక్కువ లేపితే, ట్రాక్టర్‌కెల్లి నిన్ను తిప్పే షాఫ్టు వంకరవోయి టకటక కొట్టుకునుడు. కాకతీయులు ఇసుక నింపిన పునాది మీద రామప్ప గుడిని నిలవెట్టిన్రు. 1213 నాటి గుడి, 800 ఏండ్లు దాటినా నిలవడే ఉన్నది. నేను రెండు ఇసుక బస్తాల మీద నిన్ను 8 నిమిషాలు నిలవెట్టలేకపోయిన.

ఇగ నీ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతది, అంటే సెకనుకు 9. లుంగీ కొస దొరికితే "అయ్యో" అనేలోపల్నే మనిషి చుట్టుకపోతడు. అందుకే మా ఇంటామె నా కండువ, లుంగీ రెండూ గుంజుకొని పిలగాని పాత కాలేజీ ప్యాంటు చేతులవెట్టింది. నడుముకాడ గుండీ పడది. సుతిలి కట్టి, కొస లోపలికి చెక్కుకున్న. దొర ముంగట కండువ ఏసుకోవద్దనుడు మా ఊరికి కొత్తేం గాదు, ఈసారి మాత్రం కారణమున్నది.

నీ తిండి సంగతి చెప్పాలె. కొమ్మలను గుట్టమీదికెల్లి కిందికి గుంజుకొస్తే మొరం, ఇసుక అంటుకుంటయి. ఆ మట్టి కడుపులకు పోతే నీ కత్తులు మొద్దువారుతయట. అంటే దొర భోజనం నేలకు తాకొద్దు, భుజాల మీద మోసుకరావాలె. పచ్చి కొమ్మ ఇస్తే నమిలినట్టే చేస్తవ్, ఎండిన తుమ్మ ఇస్తే ముఖం తిప్పుతవ్. కాయ తెంపినంక మృగశిరల మామిడి కొమ్మలు కొడతం, అప్పుడే వానలు పడి గుట్ట జారుతది. గుట్ట ఆరేదాక ఆగితే కొమ్మ ఎండుతది.

అన్నిటికంటె ఆ చిటికెనవేలంత బోల్టుది నాకు బాధ. లోపట మొద్దు ఇరుక్కుంటే టప్పున తెగేది అదే. కోపమొచ్చి ఓసారి గట్టి బోల్టు బిగియ్యవోయిన. హన్మకొండ మెకానిక్ చేతులకెల్లి గుంజుకున్నడు. "గది తెగకపోతే గేర్‌బాక్సు పలుగుతది. దాని బతుకే ఇరుగుడు" అన్నడు. దొర గేర్‌బాక్సుకు గీత పడొద్దని పేద బోల్టు ప్రాణమియ్యాలె. ఈ లెక్క మా తాతకు మంచిగ తెలుసు.

అబద్ధమెందుకు, నీ పొట్టుతోటి మాత్రం మేలే అయింది. మొదలుకు తాకకుంట చెట్టు చుట్టు నాలుగు వేళ్ల మందం పరిస్తే రోహిణి ఎండలల్ల కూడ అడుగున చల్లగ తడి ఉంటున్నది. ఆత్రానికి ఓ పాదుల మట్టిల కలిపిన, నత్రజనంత పొట్టు మురుగుడుకే పోయి చెట్టు ఆకులు పసుపు రంగుకు తిరిగినయి. అది నీ తప్పు గాదు. అంతకుముందైతే ఆ కొమ్మలు, పత్తికట్టె అన్నీ ఒక్క అగ్గిపుల్లతోటి కాలవెట్టి, పొగ ఊరిమీదికి తోలేటోణ్ని.

అందుకని దొరా, ఓ ఒప్పందం. నువ్వు ఇగ గుట్ట ఎక్కొద్దు. కింద కల్లంల చదునుకు కూసో. వడ్లారవోసే టార్పాలిన్‌ల కొమ్మలు మూటగట్టి, మట్టి తాకకుంట జార్పుకొస్తం. నీ నోరు గాలి పోయేదిక్కే తిప్పు, నిన్నటి పొట్టు ఇంక చెవులల్ల ఉన్నది. జేబుల మూడు బోల్టులే మిగిలినయి. నీ బాంచెన్, ఇయ్యాలటికి ఒక్కదానితోటి సరిపెట్టుకో.