పని చేయని క్రియగారికి

బ్రాడీపేట, గుంటూరు.

మహారాజశ్రీ ఈజ్ గారికి,

నమస్కారాలు. ఇంగ్లీషులో తమరివి రెండే అక్షరాలు. ఆ రెండక్షరాల పుణ్యాన మొన్న రాత్రి పదిన్నర దాకా మా ఇంట్లో లైటు ఆరలేదు.

మా వాడు ఐదో తరగతి. హోంవర్క్‌లో 'మై ఫాదర్ ఈజ్ టాల్' అని ఇచ్చి, వెర్బ్ కింద గీత గీయమన్నారు. వెర్బ్ అంటే పనిని చెప్పే మాట అని క్లాసులో చెప్పారట. వాడు పెన్సిల్ కొరుకుతూ ఆ నాలుగు మాటలూ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చదివి, "ఇందులో ఎవరూ ఏ పనీ చెయ్యట్లేదు నాన్నా" అన్నాడు. నిజమే కదండీ! ఆ ఫాదర్ ఎవరో పొడుగ్గా ఊరికే నిలబడి ఉన్నాడు. జవాబు తమరేనని చెప్తే, "మరి ఈజ్ ఏం పని చేస్తుంది?" అన్నాడు. పెళ్లిచూపుల్లో మా మామగారు నా ఉద్యోగం గురించి అడిగినప్పుడు కూడా నేనింత నీళ్లు నమల్లేదు.

తమరు లేకపోయినా మాకు రోజులు బాగానే వెళ్తున్నాయి. గోంగూర పులుపు. మిరపకాయ ఘాటు. మే నెల నరకం. చూశారా, ఒక్క క్రియ లేదు, అర్థం కానివాడూ లేడు. ప్రశ్న కావాలంటే చివర ఓ దీర్ఘం తీస్తాం: "మీ నాన్న పొడుగా?" అదే తమరైతే, ప్రశ్న అనగానే లేచి అందరికంటే ముందుకెళ్లి నిలబడతారు: 'ఈజ్ యువర్ ఫాదర్ టాల్?' శంకర్ విలాస్ సెంటర్లో ఆటోలైనా అలా దూరవు. ఒప్పుకోవాలి, కాదనాలంటే మాకూ 'కాదు' కావాలి. పుస్తకం బల్ల మీద 'ఉంది' అనక తప్పదు. కానీ అవసరం పడితేనే పిలుస్తాం.

పైగా ఎన్ని వేషాలండీ! నేనంటే యామ్, నలుగురైతే ఆర్, నిన్నటి సంగతైతే వాజ్, వర్. ఆపైన బీ, బీన్, బీయింగ్. తమతో కలిపి 8. ఊళ్లన్నీ తిరిగే 'గో'కి 5 రూపాలే, కుర్చీ దిగని తమకి 8! 'షీ ఈజ్ సింగింగ్'లో గొంతు చించుకునేది సింగింగ్, హెల్పింగ్ వెర్బ్ అన్న హోదా మాత్రం తమది.

మా వాడు 'టాల్' కింద ఆబ్జెక్ట్ అని రాశాడు. 'హీ ఈట్స్ ఇడ్లీ'లో ఇడ్లీ ఆబ్జెక్ట్ అయితే ఇదెందుకు కాదని వాడి లాజిక్. నిన్న పుస్తకం తిరిగొచ్చింది. ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన కాంప్లిమెంట్ అని ఉంది. తినడానికి ఇడ్లీ కావాలి. తమరు ఏమీ చేయరు కాబట్టి తమకి ఆబ్జెక్ట్ ఉండదు, తమ వెనక వచ్చే మాట సబ్జెక్ట్ ఎలాంటిదో చెబుతుందట. నలభై రెండేళ్లకి నాకూ నిన్ననే తెలిసింది. మా ఆవిడ ఆ ఎర్రసిరా చూసి, "కాంప్లిమెంటే మరి, మీరు ఐదడుగుల మూడంగుళాలు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇవాళ్టి హోంవర్క్, అవే వాక్యాలని పాస్ట్ టెన్స్‌లోకి మార్చడం. మా వాడికి ఇది తేలిక. ఈజ్ కొట్టేసి వాజ్ పెట్టాడు, 'మై ఫాదర్ వాజ్ టాల్' అని చదివి వినిపించాడు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా ఫొటోకి దండ వెతికేది.

ఇట్లు,
ప్రస్తుతానికి ఇంకా ఈజ్‌లోనే ఉన్న
ఓ తండ్రి