చంటిపిల్లతో ఆర్వీలో కాపురమా? ముందు బిడ్డ ఎక్కడ కూర్చుంటుందో చెప్పండి

అమెరికాలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఆర్వీలోనే (లోపల పడక, వంటగది ఉండే ఇంటి బండిలోనే) ఉండిపోదామనుకునే జంటకి చంటిపిల్ల ఉందని తెలియగానే అందరూ అడిగేది ఒకటే: "అంత ఇరుకులో ఎలాగండీ?" పసిబిడ్డకి ఎంత చోటు కావాలి? 28 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు ఉండే ప్లేయార్డ్ (మడిచిపెట్టే పిల్లల మంచం) పడితే చాలు. అడగాల్సింది అది కాదు. బండి కదులుతున్నప్పుడు బిడ్డ ఏ సీట్లో ఉంటుంది? దీనికి సరైన జవాబు దొరకనిదే బండి కొనొద్దు, ఎంత చవగ్గా వచ్చినా సరే.

మోటర్‌హోమ్‌లో, అంటే ఇంజిన్ ఉండి తనే నడిచే ఆర్వీలో, డైనెట్ (భోజనాల) బల్లకి అటొక బెంచీ ఇటొక బెంచీ, వాటికి బెల్టులు ఉంటాయి. "బెల్టు ఉందిగా, పసిబిడ్డ కార్ సీటు ఇక్కడే పెట్టుకోవచ్చు" అని అమ్మేవాళ్లు చెబితే, ఆ కుషన్ ఎత్తి కింద చూడండి. చాలా బళ్లలో కనిపించేది ప్లైవుడ్ పెట్టె, నాలుగు స్క్రూలు, లోపల నీళ్ల పంపు. బెల్టు కొస ఎక్కడికి వెళ్లిందో చేత్తో తడుముతూ చూడాలి. చాసిస్‌కి (బండి అడుగు చట్రానికి) బోల్టుతో బిగించిన ఉక్కు ఫ్రేముకి వెళ్తే సరే. చెక్కకి వెళ్తే మాత్రం గుద్దుకున్నప్పుడు బిడ్డతో పాటు బెంచీ కూడా ఊడి వస్తుంది. పైగా రెండు బెంచీల్లో ఒకటి వెనక్కి తిరిగి ఉంటుంది, సోఫా పక్కకి తిరిగి ఉంటుంది. బండి ముందుకు చూసే సీటు మీదే బిగించాలని కార్ సీటు మాన్యువల్లోనే ఉంటుంది, కాబట్టి ఆ రెండూ పోయినట్టే. మిగిలిన ఒక్క బెంచీకీ లాచ్ కొక్కేలు (కార్ సీటు కింద తగిలించేవి), టాప్ టెదర్ (దాని పైభాగాన్ని కట్టే పట్టీకి కొక్కెం) ఉండి తీరాలన్న రూలేమీ లేదు, ఎందుకంటే ఆ ఫెడరల్ నిబంధన ట్రక్కుల తరహా బళ్లలో నిండు బరువు రేటింగ్ 8,500 పౌండ్ల లోపు వాటికే. క్లాస్ సి మోటర్‌హోమ్‌లు (వ్యాను ముందుభాగం మీద కట్టే మధ్య రకం) ఎక్కువగా కట్టే ఫోర్డ్ ఈ-450 చాసిస్ రేటింగే 14,500 పౌండ్లు. ఫ్యాక్టరీలోనే లాచ్ బిగించిన మోడళ్లు కొన్ని ఉన్నాయి. మోటర్‌హోమే కావాలంటే వాటిలోనే వెతకండి.

నన్నడిగితే బిడ్డ ఉన్నవాళ్లకి లాగుడు ట్రైలర్ (ఇంజిన్ లేని ఇంటి బండి), దానికి ముందు నాలుగు తలుపుల పికప్ ట్రక్కు. బిడ్డ ట్రక్కు వెనక సీట్లో, వెనక్కి చూసే కార్ సీట్లో ప్రయాణం చేస్తుంది. ట్రైలర్‌ని ఆర్వీ పార్కులో వదిలేసి అదే ట్రక్కులో డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు. బిడ్డ ఏడుస్తోందని బిడ్డని తీసుకుని ట్రైలర్‌లో కూర్చుని ఎవరూ ప్రయాణం చెయ్యకూడదు. చాలా రాష్ట్రాల్లో అది నేరం, నేరం కాని చోట కూడా ప్రాణాపాయమే.

ట్రక్కు కొనేటప్పుడు "ఎంత లాగుతుంది" అన్న అంకె చూసి మురిసిపోవద్దు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో రాసి ఉంటుంది, అది చూడండి. 7,000 పౌండ్ల ట్రైలర్ హిచ్ (ట్రక్కుకి తగిలించే కొక్కెం) మీద వేసే బరువు అందులో 13 శాతం అనుకున్నా 900 దాటుతుంది. హిచ్ సామాను ఇంకో 100. ఇద్దరు పెద్దవాళ్లు, బిడ్డ, కార్ సీటు కలిపి 370. అప్పటికే దాదాపు 1,400. స్టిక్కర్ మీద 1,500 ఉందంటే స్ట్రోలరు, డైపర్ పెట్టెలు, బియ్యం మూట ఎక్కించేసరికి లెక్క దాటిపోయినట్టే.

నిద్రకి గట్టి పరుపున్న ప్లేయార్డో, మినీ క్రిబ్బో ఉండాలి. బంక్ బెడ్డుకి వల కట్టి బిడ్డని పడుకోబెట్టొద్దు. పరుపుకీ గోడకీ మధ్య సందులో ఇరుక్కుంటే ఊపిరాడదు. స్లైడ్ (ఆగినప్పుడు బయటికి జరిపే గది భాగం) లోపలికి మూసి ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందో లేదో కొనకముందే చూసుకోండి. హైవే రెస్ట్ ఏరియాలో ఫ్రిజ్‌లోంచి పాలు తియ్యాల్సి వచ్చేది సరిగ్గా అప్పుడే.

చలికాలం సంగతికొస్తే, 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్లు) ఉంటుంది. గంటకి 30,000 బీటీయూ తాగే ఫర్నేస్ (గది వేడి చేసే హీటరు) ఆగకుండా నడిస్తే 14 గంటలు వస్తుంది. కరెంటు కనెక్షన్ లేని చోట గ్యాస్ కంటే ముందు బ్యాటరీ అయిపోతుంది. ఫర్నేస్ ఫ్యాను 8 ఆంపులు తాగుతుంది. రాత్రి 10 గంటల్లో సగం సేపు నడిచినా 40 ఆంప్-అవర్లు. 100 ఆంప్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడదగ్గది సగమే. లైట్లు, డిటెక్టర్లు, పంపు కలిస్తే తెల్లవారుజామున ఫ్యాను ఆగి, సిలిండర్ నిండుగా ఉన్నా లోపల గడ్డకట్టే చలి. అప్పుడు స్టవ్ వెలిగించి గది వేడి చేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. అందులోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు రావొచ్చు. దాన్ని పసిగట్టే మామూలు అలారం 70 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి 70) దగ్గర కూడా మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు తీసుకోవచ్చు. 30 పీపీఎం దగ్గర నెలరోజుల దాకా మోగకూడదని దాని ప్రమాణంలోనే ఉంది. బిడ్డ ఉన్న చోట తక్కువ స్థాయిని కూడా అంకెల్లో చూపించే మీటరు అదనంగా పెట్టుకోవాలి. ఉన్న అలారం గడువు తేదీ కూడా వెనక్కి తిప్పి చూడండి.

మన వంటకి ఇంకో చిక్కు. ఒక పౌండు ప్రొపేన్ మండితే పౌండున్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది, కుక్కర్ ఆవిరి దానికి అదనం. ఆ తడి అంతా చల్లటి గోడలకి, పరుపు అడుగుకి పట్టి బూజవుతుంది. పోపు పెట్టేటప్పుడు పైకప్పు ఫ్యాను వేసి, ఎదురుగా ఒక కిటికీ రెండంగుళాలు తెరవండి. కరెంటు కుక్కర్ మేలే, కానీ పార్కులో ఇచ్చే 30 ఆంపుల కనెక్షన్ మొత్తం 3,600 వాట్లు. ఏసీ 1,500, వాటర్ హీటరు 1,440, కుక్కర్ 1,000 ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది.

నీళ్ల దగ్గర అందరూ కార్బన్ ఫిల్టర్ పెట్టి నిశ్చింతగా ఉంటారు. ఊరి బయట క్యాంపుగ్రౌండ్లలో చాలావాటికి బోరు నీళ్లే, పక్కన పొలాల ఎరువుల నైట్రేట్ వాటిలోకి దిగుతుంది. మామూలు కార్బన్ ఫిల్టర్ నైట్రేట్‌ని ఆపదు, కాచితే ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డ రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని అది దెబ్బతీస్తుంది. ఫెడరల్ హద్దు లీటరుకి 10 మిల్లీగ్రాములు. అయితే క్యాంపుగ్రౌండ్ల లాంటి చోట్ల, ఆరు నెలల లోపు పిల్లలకి ఆ నీళ్లు అందవన్న షరతు మీద, నోటీసు అంటించి 20 దాకా అనుమతించే అధికారం రాష్ట్రాలకి ఉంది. ఆ నోటీసు మీలాంటి వాళ్ల కోసమే. కుళాయి దగ్గర, ఆఫీసు బోర్డు మీద వెతకండి. ఫార్ములా కలపడానికి మాత్రం సీసా నీళ్లే కొనండి. మంచినీళ్ల టాంకుని 15 గ్యాలన్లకి పావు కప్పు వాసన కలపని బ్లీచ్ పోసి, కుళాయిలన్నిటిలోకీ వదిలి, రాత్రంతా ఉంచి, వాసన పోయేదాకా కడగాలి.

వైప్స్ టాయిలెట్‌లో వెయ్యొద్దు, పాకెట్ మీద ఫ్లషబుల్ అని రాసున్నా సరే. అవి కరగవు, మురుగు టాంకు వాల్వుకి అడ్డం పడతాయి.

టీకాలు 2, 4, 6 నెలలకి ఉంటాయి. ఆ వారాల్లో ఒకే ఊళ్లో ఒకే డాక్టర్ దగ్గర ఉండేలా రూటు వేసుకోండి. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఏ రాష్ట్రంలో తీసుకుంటే ఆ రాష్ట్రానిదే. హెచ్ఎంఓ ఇన్సూరెన్స్ (తన జాబితాలోని డాక్టర్లకే డబ్బు కట్టే రకం) కూడా అత్యవసరం కాని వాటికి తన నెట్‌వర్క్ దాటి రాదు.

చివరగా మనవాళ్లు తెలుసుకోవాల్సింది వీసా సంగతి. హెచ్-1బీ మీద ఇంటినుంచి పనిచేసేవాళ్లకి ఆ ఇల్లే పనిచేసే చోటు, ఎల్‌సీఏ (పనిచేసే చోటు, జీతం గురించి కంపెనీ కార్మిక శాఖకి ఇచ్చే పత్రం) ఆ ప్రాంతానికే. 2015లో సిమియో అనే కంపెనీ కేసులో వచ్చిన తీర్పు ప్రకారం ఆ మెట్రో ప్రాంతం దాటి పనిచేసే చోటు మారిస్తే కంపెనీ ముందే సవరణ పిటిషన్ వెయ్యాలి. తాత్కాలిక మినహాయింపు ఏడాదికి 30 పనిదినాలు, కొన్ని షరతుల మీద 60. దానికితోడు చిరునామా మారిన 10 రోజుల్లో ఏఆర్-11 (చిరునామా మార్పు తెలిపే ఫారం) నింపాలి. నెలకో రాష్ట్రం తిరుగుతూ లాప్‌టాప్ తెరిచి పనిచేయడం ఈ లెక్కలో కుదరదు. ఒకే మెట్రోలో నెలవారీ అద్దెకి పార్కు తీసుకుని, సెలవుల్లో మాత్రమే దూరం వెళ్లేలా అయితే కుదురుతుంది. ట్రైలర్‌కి అడ్వాన్సు కట్టేముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.